తాళానికి నాలుగు నిమిషాలు

"కరెంటు తీయండి! ఎవురన్నా కరెంటు తీయండి!"

ఆ అరుపు తనదేనని వాణికి రెండోసారి అరిచాక తెలిసింది.

ఏడో లైను మధ్యలో, పద్నాలుగో మిషను దగ్గర హమీద్ నిలబడి ఉన్నాడు. నిలబడి లేడు, వేలాడుతున్నాడు. పైనుంచి దిగే కరెంటు పెట్టె మూత తెరిచి ఉంది. అతని కుడిచెయ్యి మణికట్టు దాకా దాంట్లో ఉంది. బయటికి రావడం లేదు. ఇరవై ఎనిమిదేళ్ల మెకానిక్కు ఒళ్లంతా మిషను సూదిలా ఆడుతోంది.

ఒక ఆపరేటరు అతని చొక్కా పట్టుకుని లాగబోయింది. వాణి ఆమె జడ పట్టి వెనక్కి ఈడ్చింది.

కరెంటు బోర్డు లైను చివర గోడకుంది. ముప్పై అడుగుల దూరం. హెడ్ మెకానిక్ ఖాదర్ వలి అటు పరుగెత్తుతున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. దారినిండా గుడ్డ మూటలు, సగం జరిపిన మిషన్లు. స్టూలు తగిలి పడ్డాడు. లేచాడు. మళ్లీ పరుగెత్తాడు.

ఆ క్షణంలో వాణి తల పైకెత్తింది. ఎందుకు ఎత్తిందో ఆమెకే తెలియదు. లైను మీద వేలాడే ఎర్రంకెల గడియారం 00:02 చూపిస్తోంది.

ఖాదర్ వలి మీట కిందికి కొట్టాడు. గడియారం ఆరిపోయింది. హమీద్ కింద పడ్డాడు.

మదనపల్లె శివార్లలోని ఆ బట్టల ఫ్యాక్టరీలో పదకొండు లైన్లున్నాయి. ఒక డిజైను చొక్కాలు అయిపోయి ఇంకో డిజైను మొదలవ్వాలంటే లైను మొత్తం సర్దాలి. కొన్ని మిషన్లు పోవాలి, కొన్ని రావాలి, సూదులు, దారాలు, పైనున్న కరెంటు పెట్టెలు అన్నీ మారాలి. మూడేళ్ల కిందట ఆ పనికి నాలుగు గంటలు పట్టేది. ఇప్పుడు నలభై రెండు నిమిషాలు. ఆ రోజు బెంగళూరు నుంచి వచ్చిన కంపెనీ మనుషుల కళ్ల ముందు ముప్పై ఐదు నిమిషాల్లో చేసి చూపించాలి.

సరిగ్గా రెండింటికి గంట కొట్టి మొదలుపెట్టారు. ఏడో లైను సూపర్‌వైజరు వాణి. గంట కొట్టిన దగ్గర్నుంచి ఆమె గొంతు ఆగలేదు. జరపండి, తుడవండి, లైను తీయండి, సూదులు సూసుకోండి, లైను ఎక్కించండి, కత్తెర్లు యాడ?

రెండూ ఇరవై ఐదుకు హమీద్ నేల మీద ఉన్నాడు.

ఖాదర్ వలి అతని గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కుతున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే హమీద్ ఊపిరి సన్నగా ఆడింది. బతికే ఉన్నాడు.

మేనేజరు గిరిబాబు చప్పట్లు కొట్టాడు.

"ఏమ్మా, సినిమానా ఇది? పోండి, పోండి. మిగతా లైన్లు ఆపేసి యాల నిలబడినారు?"

పది లైన్లలో నాలుగు వందల సూదులు మళ్లీ మోగడం మొదలుపెట్టాయి.

* * *

సాయంత్రం ఐదుకు పోలీసులు ఖాదర్ వలిని తీసుకుపోయారు. అంతకుముందు గిరిబాబు గదిలో పావుగంట మాట్లాడారు. వాణి తలుపు పక్కన నిలబడి ఉంది.

"ఈయనే సార్ బాధ్యుడు," అన్నాడు గిరిబాబు ఎస్సైతో. "పని మొదలయ్యే ముందు కరెంటు తీసేసినానని గట్టిగా అరిసి చెప్పాల. అది మా పద్ధతి. ఈయన 'లైను తీసేసినా' అన్నాడు. లైనంతా విన్నారు. కానీ మా కాడ ఆ మాటకు రెండు అర్థాలు సార్. పాత డిజైను ముక్కలు ఖాళీ చేసినా 'లైను తీసేసినా' అనే అంటారు. ఈయన ముక్కలు తీసేసి ఆ మాటన్నాడు. ఆ పిల్లోడు కరెంటు తీసేసినాడనుకోని చెయ్యి పెట్టినాడు."

ఎస్సై ఖాదర్ వలి వైపు తిరిగాడు. "నువ్వేం తీసినావయ్యా? ముక్కలా, కరెంటా?"

ఖాదర్ వలి తన అరచేతులు చూసుకున్నాడు. స్టూలు మీద పడ్డప్పుడు గీసుకుపోయి రక్తం కట్టింది.

"కరెంటే తీసినట్టుండాది సార్."

"ఉండాదా? తీసినావా?"

"ముప్పై ఏండ్ల నుంచి తీస్తాండా. రోజూ తీసేది ఒకటే మీట. ఈ రోజు తీసింది గుర్తుండాదా, నిన్న తీసింది గుర్తుండాదా..." ఆయన అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "నేను తీసింటే వాడెట్ల పడతాడు సార్?"

ఆ ప్రశ్నతో ఆయన తన మీది కేసుకు తానే సంతకం పెట్టాడు.

అందరూ వెళ్లాక గిరిబాబు వాణిని కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి.

"రేపు పొద్దున నీ వాంగ్మూలం తీసుకుంటారు. ముక్కల సంగతే అన్నాడని చెప్పు. సాలు."

"నాకట్ల అనిపించలేదు సార్."

గిరిబాబు వేలితో గోడ చూపించాడు. అక్కడ అద్దం కట్టిన ఫోటో ఉంది. అందులో వాణి నవ్వుతోంది, చేతిలో మిక్సీ పెట్టె. కింద అక్షరాలు: ఈ ఏటి ఉత్తమ సలహా, ఆదా నాలుగు నిమిషాలు.

ఆ నాలుగు నిమిషాలు ఒక తాళానివి. అంతకుముందు కరెంటు తీశాక బోర్డుకు తాళం వేసి, తాళంచెవి ఖాదర్ వలి జేబులో వేసుకునేవాడు. పని ముగిశాక మెకానిక్కులందరినీ లెక్కపెట్టి అప్పుడు తీసేవాడు. ఆయన ఒక మిషను కింద దూరి ఉంటే లైనంతా ఆ తాళంచెవి కోసం కాచుకోవాలి. వాణి ఫోనులో టైము పెట్టుకుని లెక్క చూసింది. నాలుగు నిమిషాలు. తాళం వద్దు, నోటితో అరిచి చెబితే చాలని కాగితం రాసి ఇచ్చింది. గిరిబాబు సంతకం పెట్టాడు. ఖాదర్ వలి ఒక్కడే గొణిగాడు. "తాళంచెవి జోబీలో ఉంటే నాకు ధైర్నంగా ఉంటాది పాపా," అన్నాడు. అందరూ నవ్వారు. వాణి కూడా నవ్వింది.

"తప్పు ఆయనదైతే మాట పొరపాటని పోతాది," అన్నాడు గిరిబాబు. "కాదంటే తాళం యాడికి పోయిందని అడుగుతారు. ఆలోచించుకో వాణీ."

"రేపు చెప్తా సార్," అంది వాణి.

పద్దెనిమిదేళ్ల కిందట ఆమెకు ఓవర్‌లాక్ మిషనుకు దారం ఎక్కించడం నేర్పింది ఖాదర్ వలి. నాలుగు దారాలు, ఒక్కటి తప్పినా కుట్టు పడదు. పదకొండుసార్లు తప్పింది. పన్నెండోసారి కూడా ఆయన విసుక్కోలేదు.

* * *

గేటు దగ్గర చెప్పుల అర ఉంది. షిఫ్టు వదిలి అందరూ వెళ్లిపోయారు. వాణి తన చెప్పులు తీసుకుంటూ ఆగింది. అరలో ఇంకో జత మిగిలి ఉంది. నీలం పట్టీలు, ఒక పట్టీకి తెల్లదారంతో కుట్టు.

అవి రెడ్డెమ్మవి. ఆమె నలభై ఏడేళ్ల హెల్పరు, లైను చివర గుడ్డ మూటలు అందించే పని. కుప్పం యూనిట్‌లో పని తగ్గిందని పాతికమంది ఆడవాళ్లను ఈ ఫ్యాక్టరీకి తెచ్చారు. వాళ్లలో ఒకామె. వచ్చి మూడు వారాలే అయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పోయిందంటే?

ఆమె మూటల రాక్ ఎక్కడుంటుందో వాణికి గుర్తొచ్చింది. కరెంటు బోర్డు పక్కన.

అప్పుడు గుర్తొచ్చింది ఎర్రంకెల గడియారం. 00:02.

ఆ గడియారానికి కూడా ఏడో లైను బోర్డు నుంచే కరెంటు. కరెంటు పోతే ఆరిపోతుంది, మళ్లీ వస్తే సున్నా నుంచి తనంతట తానే లెక్కపెడుతుంది. రెండింటికి మొదలైన పని. మధ్యలో కరెంటు పోకుండా ఉంటే ఇరవై ఐదు నిమిషాలు చూపించాల్సిన గడియారం రెండే ఎందుకు చూపించింది?

ఫోను తీసింది. ఫ్యాక్టరీ గ్రూపులో పల్లవి పెట్టిన ఫోటోలు వెతికింది. పల్లవి లెక్కలు రాసే అమ్మాయి, అయిదు నిమిషాలకొక ఫోటో పెడుతుంది. రెండూ పదికి పెట్టిన ఫోటోలో గడియారం నల్లగా ఉంది. రెండూ ఇరవై నాలుగుకు పెట్టిన ఫోటోలో ఎర్రగా వెలుగుతోంది. 00:01.

ఖాదర్ వలి కరెంటు తీశాడు. తీసిన కరెంటును ఎవరో మళ్లీ వేశారు.

గేటు బయట ఒక ఆడమనిషి నిలబడి ఉంది, నల్లని బురఖా, ముఖం తెరిచి ఉంది. ఖాదర్ వలి కూతురు మసూదా. ఊళ్లో బ్లౌజులు కుడుతుంది.

"మా అబ్బాను రేపు కోర్టుకు పెడతారంట," అంది. "నువ్వేనంట గదా సాక్షి. ఏం చెప్పబోతాండావు అక్కా?"

వాణి ఫోటోలు చూపించింది.

మసూదా రెండుసార్లు చూసింది. మూడోసారి చూసి ఫోను తిరిగి ఇవ్వలేదు. "ఆ రెడ్డెమ్మ యాడుండాది?"

"కుప్పం కాడ పల్లె. రేపు పొద్దున్నే పోతా."

"నేనూ వస్తా. మీ ఫ్యాక్టరీవాళ్ల మాటలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆయమ్మ చెప్పేది నా ఫోనులో ఎక్కించుకుంటా."

* * *

ఉదయం ఆరింటి పలమనేరు బస్సు. కిటికీ పక్క మసూదా, పక్కన వాణి. టమాటా పెట్టెల లారీలు ఎదురొస్తున్నాయి. రాత్రి వాణి పుంగనూరులోని తన ఇంటికి పోకుండా మదనపల్లెలోనే ఉండిపోయింది.

పుంగనూరు బస్టాండులో బస్సు ఐదు నిమిషాలు ఆగింది. వాణి ఇల్లు అక్కడికి రెండు వీధులు. ఫోను మోగింది. గిరిబాబు.

"యాడుండావు?"

"పుంగనూరులో సార్."

"మంచిది. ఇంట్లోనే ఉండు, కారు పంపిస్తా. స్టేషన్లో రెండు మాటలు చెప్పేసి వద్దువు. వచ్చే నెల ఫ్లోర్ ఇన్‌ఛార్జి పోస్టు ఉండాది, తెలుసు గదా."

మసూదా వింటోంది. వినడం లేదన్నట్టు కిటికీ బయటికి చూస్తోంది.

"నేను బస్సులో ఉండా సార్," అంది వాణి. "కుప్పం పోతాండా."

అవతల ఫోను కట్టయింది.

బస్సు కదిలాక మసూదా అంది, "దిగిపోతావనుకుంటి."

"నేనూ అనుకుంటి."

"మంచోళ్లు అట్ల చెప్పరక్కా."

"మంచిదాన్నని ఎవురు చెప్పినారు?"

మసూదాకు నవ్వు రాబోయింది. అంతలో ఆమె ఫోను మోగింది. ఉర్దూలో ఏదో విన్నది. "కబ్?" అంటూ ఎప్పుడని ఒక్కమాట అడిగింది. ఫోను ఒళ్లో పెట్టుకుంది. బురఖా అంచుతో దాని అద్దం తుడిచింది, మళ్లీ తుడిచింది.

"హమీద్ పోయినాడంట. ఈడ కాదని బెంగళూరు తీసుకుపోయినారంట, ఆసుపత్రి గేటు కాడనే."

బస్సులో ఎవరో టిఫిను పొట్లం విప్పారు. కండక్టరు పలమనేరు టిక్కెట్లు అడుగుతున్నాడు.

"పెండ్లి మాటలు జరుగుతాండాయి వానికి," అంది మసూదా. "మా అబ్బానే సంబంధం సూసినాడు. ఇప్పుడు మా అబ్బానే సంపినాడంటారు." ఆమె వాణి వైపు తిరిగింది. కళ్లు పొడిగా ఉన్నాయి. "ఆ మీట వేసింది ఎవురో నాకు పేరు కావాల. ఆడమనిషి అని సూడను. పేదది అని సూడను. పేరు."

"దొరుకుతాది," అంది వాణి.

* * *

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండు. అక్కడ్నుంచి ఆటోలో మరో నాలుగు కిలోమీటర్లు. మల్బరీ తోట గట్టున రెండు గదుల రేకుల ఇల్లు. వాకిట్లో ఒకామె చెట్టుకున్న మునక్కాయలు కోస్తోంది. వీళ్లను చూడగానే దోటి కింద పడేసింది.

రెడ్డెమ్మ పరుగెత్తలేదు. అరుగు మీద కూలబడింది. అరికాళ్లకు బొబ్బలు.

వాణి సంచిలోంచి నీలం పట్టీల చెప్పులు తీసి ఆమె ముందు పెట్టింది.

"ఎట్లుండాడమ్మా ఆ పిల్లోడు?" అంది రెడ్డెమ్మ.

రెడ్డెమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. చూసి చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

మసూదా ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఫోను తీసి రికార్డింగు పెట్టింది. "మీట వేసింది నువ్వేనా?"

రెడ్డెమ్మ తల ఊపింది.

"నోటితో చెప్పు."

"నేనే వేసినా తల్లీ. పైకి ఎత్తి పెట్టినా. లైటు వచ్చినాది. ఎర్రగా ఆ గడియారం గూడా వచ్చినాది. సరిగ్గానే చేసినాననుకుంటి. తిరుక్కోని రెండు మూటలు అందిస్తి. అంతలో అరుపులు." ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. "కావాలని వేయలేదమ్మా. ఆ పిల్లోడు పొద్దున నా ఫోనుకు రీచార్జి చేసిచ్చినాడు. నాకేం పగ?"

"యాల వేసినావు మరి? ఎవురూ చెప్పకుండా నీకేం పని ఆ మీటతో?"

"చెప్తేనే గదమ్మా వేసింది! నేనెందుకు ముట్టుకుంటా?"

మసూదా ఫోనును ఇంకొంచెం ముందుకు జరిపింది. వాణి ఒక అడుగు ముందుకేసింది. ఉన్నాడన్నమాట, ఒక మనిషి. చెప్పిన మనిషి.

"ఏమని చెప్పినారు?" అడిగింది వాణి. "ఉన్నదున్నట్టు చెప్పు అక్కా. ఒక్క మాట గూడా మార్చొద్దు."

రెడ్డెమ్మ ఆమెను వింతగా చూసింది.

"లైను ఎక్కించండి, అన్నారు."

మల్బరీ తోటలో ఎక్కడో బోరు మోటారు ఆడుతోంది. ఆ చప్పుడు తప్ప వాణికి ఇంకేమీ వినిపించలేదు.

"లైను ఎక్కించమంటే?" అంది మసూదా. "ఏందది?"

"కరెంటు వేయమనే గదా," అంది రెడ్డెమ్మ. "మా పక్క లైను అంటే కరెంటే. త్రీఫేజు వస్తే లైను వచ్చింది అంటాం. పదేండ్లు రెడ్డోళ్ల బోరు కాడ కూలికుంటి. లైను ఎక్కించు రెడ్డెమ్మా అంటే స్టార్టరు వేసేదాన్ని, తీసేయ్ అంటే తీసేదాన్ని. కుప్పం ఫ్యాక్టరీలో కొత్త గుడ్డ ఇవ్వాలంటే లోడింగు అంటారు. ఈడ దాన్నే లైను ఎక్కించేది అంటారని నాకెవురూ చెప్పలేదు. అందరూ పరుగులు పెడతాండారు. రెండుమార్లు అరిసినారు, యాల నిలబడుకోనుండావు, లైను ఎక్కించు అని. నా వైపే సూసి. నా పక్కన మీట ఉండాది. దానికి తాళం గూడా లేదు. కుప్పంలో తాళం ఉంటాది. తాళం ఉండింటే నా చెయ్యి పొయ్యేదా?"

మసూదా లేచి నిలబడింది.

"ఎవురు అరిసినారు? గిరిబాబా?"

"ఆయన ఆడ లేడమ్మా."

"మరి ఎవురు? పేరు చెప్పు."

రెడ్డెమ్మ చెప్పుల వైపు చూసింది. తెల్లదారం కుట్టును వేలితో తడిమింది.

"భయపడొద్దు. నిన్నేమీ అననీయను. హమీద్ చచ్చిపోయినాడు, మా అబ్బా స్టేషన్లో ఉండాడు. ఈ మధ్యాన్నం కోర్టుకు పెడతారు. ఒక్క పేరు చెప్పు చాలు."

"ఎట్ల చెప్పేది తల్లీ," అంది రెడ్డెమ్మ. "నా చెప్పులు ఇంత దూరం మోసుకోని వచ్చినాది."

మసూదాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆమె తల మెల్లగా వాణి వైపు తిరిగింది.

వాణి అరుగు పక్కన గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడి ఉంది. తన గొంతు తనకు వినిపిస్తోంది. నిన్నటి గొంతు. జరపండి, తుడవండి, సూదులు సూసుకోండి. రాక్ దగ్గర ఖాళీ చేతులతో నిలబడిన ఒక హెల్పరు. ముప్పై ఐదు నిమిషాల్లో ఇరవై రెండు అయిపోయాయి. ఆ హెల్పరు మీద ఆమె అరిచింది. ఏమరిచిందో ఆ క్షణమే మరిచిపోయింది. రోజుకు యాభైసార్లు అరిచే మాట అది.

ఇక్కడే ఆగిపోవచ్చు. ఫోటోలున్నాయి, రెడ్డెమ్మ ఒప్పుకుంది. ఖాదర్ వలి బయటికి రావడానికి అంతే చాలు. ఆయన స్థానంలో ఈ బొబ్బల కాళ్ల మనిషి లోపలికి పోతుంది. గిరిబాబుకు ఎవరైనా ఒకటే.

మసూదా రికార్డింగు ఆపబోయింది.

"ఆపొద్దు," అంది వాణి.

ఆమె చెయ్యి చాచింది. మసూదా ఫోను ఇవ్వలేదు. కానీ దాన్ని ఆమె నోటి దగ్గరికి తెచ్చింది. దగ్గరగా, పళ్లకు తగిలేంత దగ్గరగా.

"బోర్డుకు తాళం వద్దని కాగితం రాసిచ్చింది నేను," అంది వాణి. "నాలుగు నిమిషాలు మిగుల్తాయని. దాని కింద సంతకం గిరిబాబు సారుది. ఖాదరన్న వద్దన్నాడు. ఆయన నిన్న కరెంటు తీసినాడు, ఫోటోలు నా ఫోనులో ఉండాయి. రెడ్డెమ్మక్కకు మా మాటలు తెలీవు. తెలుసుకోని చెప్పాల్సింది సూపర్‌వైజరు. చెప్పలేదు. లైను ఎక్కించమని అరిసింది గూడా..."

"పేరు," అంది మసూదా. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ఫోను మాత్రం కదల్లేదు. "బస్సులో చెప్పినా గదా. నాకు పేరు కావాల."

"వాణి," అంది ఆమె. "ఏడో లైను వాణి."